నీలం వైరు

రవళికి అన్నిటికన్నా పెద్ద భయం ఇది: తను పక్కన లేనప్పుడు పాపకి మళ్ళీ ఫిట్స్ రావడం.

మొదటిసారి వచ్చినప్పుడు హైమకి పద్నాలుగు నెలలు. పొద్దున్నే పిల్ల ఒళ్ళు కాలిపోతుంటే తడిగుడ్డ తెద్దామని రవళి బాత్రూంలోకి వెళ్ళింది. చెంబుడు నీళ్ళు పట్టేంత సేపు. తిరిగొచ్చేసరికి హైమ కళ్ళు తేలేసి, పిడికిళ్ళు బిగించి, మంచం మీద కొట్టుకుంటోంది. తరవాత ఇంకో రెండుసార్లు వచ్చాయి. ఆ రెండుసార్లూ రవళి పక్కనే ఉంది. జ్వరం వేడికి వచ్చే ఫిట్స్ ఇవి, ఐదారేళ్ళు వచ్చేసరికి వాటంతటవే పోతాయి, భయపడొద్దని పిల్లల డాక్టరు చెప్పాడు. వచ్చినప్పుడు ఏం చెయ్యాలో కాగితం మీద రాసిచ్చాడు. పిల్లని ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏదీ పెట్టకూడదు, గడియారం చూస్తుండాలి, ఐదు నిమిషాలు దాటితే ముక్కులో స్ప్రే కొట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఆ కాగితం చదివి చదివి మడతల దగ్గర చిరిగితే రవళి ప్లాస్టిక్ కవర్లో పెట్టింది. డాక్టరు మాట మీద ఆమెకి నమ్మకం ఉంది. నమ్మకం దారి నమ్మకానిది, భయం దారి భయానిది.

భర్త సురేందర్ లిఫ్టులు బిగించే మెకానిక్. ఏ ఊళ్ళో బిల్డింగు లేస్తే ఆ ఊళ్ళో ఉంటాడు, ఆదివారానికి ఇంటికొస్తాడు. ఇద్దరూ పని చేస్తే తప్ప పంజాగుట్టలో ఆ ఒక్క గదైనా నిలవదు. అందుకని రవళి పని వెతుక్కుంది గానీ, మంచి పని కోసం వెతకలేదు. పిల్లని వెంట రానిచ్చే పని కోసం వెతికింది. బట్టల షాపులో కుదరదన్నారు, మెడికల్ షాపులో కుదరదన్నారు. అమీర్‌పేటలో ఒకే ఒక్క చోట సరేనన్నారు.

అది హనుమత్ప్రసాద్ గారి ప్రాజెక్టు సెంటర్. కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా కోచింగ్ బ్యానర్లు వేలాడే బిల్డింగులో మూడో అంతస్తు. ఇంజనీరింగ్ పిల్లలు ఆఖరి ఏడాదిలో చేసి చూపించాల్సిన ప్రాజెక్టుకి బోర్డు కావాలన్నా, ప్రోగ్రాం కావాలన్నా, రిపోర్టు బైండింగ్ కావాలన్నా ఆ మెట్లెక్కుతారు. కిటికీ పక్క బల్ల మీద బోర్డులు సోల్డరింగ్ చెయ్యడం రవళి పని. అద్దాల తలుపుకి అవతల, రిపోర్టులు ప్రింటు తీసే గదిలో బొంత పరిచి హైమని కూర్చోబెడుతుంది. తల ఎత్తితే పిల్ల కనిపించాలి. ఆ ఒక్క షరతూ పెట్టింది, హనుమత్ప్రసాద్ గారు ఒప్పుకున్నారు. ఆయనది తెనాలి. నోరు పెద్దది గానీ మనిషి చెడ్డవాడు కాదు, హైమకి రోజూ ఒక ఉస్మానియా బిస్కెట్టు ఆయన చేత్తోనే అందుతుంది.

రవళి చదువు ఇంటర్ మొదటి ఏడాది మధ్యలో ఆగిపోయింది. నాన్నకి పక్షవాతం వచ్చింది, ఆ వేసవిలోనే పెళ్ళి చేసేశారు. సెంటర్లో అప్పుడు పని చేసే ముషర్రఫ్ అనే ఇంజనీరు ఆమెకి సోల్డరింగ్ నేర్పాడు. ఆరు నెలలు నేర్పి, పుణెలో మంచి ఉద్యోగం వస్తే వెళ్ళిపోయాడు. సర్క్యూటు బొమ్మ చూసి బోర్డు కట్టడం నేర్పే టైము మాత్రం అతనికి చిక్కలేదు. అందుకని రవళి ఎప్పుడూ నమూనా బోర్డు పక్కన పెట్టుకుని, దాన్ని చూస్తూ చేస్తుంది. ఏ చిప్పు ఎక్కడ, ఏ వైరు ఏ రంగు, అన్నీ నమూనాలో ఎలా ఉంటే అలాగే. హనుమత్ప్రసాద్ గారికి ఆ పద్ధతే నచ్చింది. బొమ్మ చదివేవాడు సొంత తెలివి ఉపయోగిస్తాడు, చూసి చేసేవాళ్ళు తప్పు చెయ్యరు అని నలుగురి ముందూ చెప్పేవారు. ఆ మాటకి రవళి లోలోపల పొంగిపోయేది.

సెంటర్లో అమ్ముడయ్యే కిట్లలో ఒకటి రెండు గీతల కిట్టు. దాని అసలు పేరు చాలా పొడుగు: కేయాటిక్ సర్క్యూట్లని స్లైడింగ్ మోడ్ కంట్రోల్‌తో రోబస్ట్‌గా సింక్రనైజ్ చెయ్యడం. పిల్లలు ఆ పేరుని నోరు తిరిగేదాకా బట్టీ పడుతుంటారు. ముషర్రఫ్ మాత్రం రవళికి అర్థమయ్యేట్టు చెప్పాడు. ఒకే రకం చిప్పులతో, ఒకే రకం లెక్కతో కట్టిన సర్క్యూట్లు రెండు. కరెంటు కదలికని గీసి చూపించే స్కోపు తెర మీద ఒక్కోటీ ఒక్కో గీత గీస్తుంది. ఆ గీత పైకి పోతుందో కిందికి పోతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. రెండిటినీ ఒకేసారి మొదలుపెట్టినా వెంట్రుకవాసి తేడా ఉంటే చాలు, కాసేపటికి దేని దారి దానిది. వాటి మధ్యలో మూడో బోర్డు ఒకటి, కంట్రోల్ బోర్డు. అది రెండు గీతల మధ్య తేడాని చూస్తూ ఉంటుంది. రెండో గీత పైకి తప్పుకుంటే కిందికి తోస్తుంది, కిందికి తప్పుకుంటే పైకి తోస్తుంది, సెకనుకి కొన్ని వేలసార్లు. తోసీ తోసీ రెండోదాన్ని మొదటిదాని మీదికి తెచ్చి కూర్చోబెడుతుంది.

రెండేళ్ళలో రవళి ఆ కిట్లు తొమ్మిది కట్టింది. తొమ్మిదింటిలోనూ రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి అతుక్కుపోయి కనిపించేవి. తొమ్మిది మందీ పాసయ్యారు.

పదోది సుమశ్రీది.

సుమశ్రీ ఏలూరు అమ్మాయి. పంజాగుట్టలో లేడీస్ హాస్టల్లో ఉంటూ ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతోంది. ఎం.టెక్ పూర్తి చేస్తేనే ఆ ఉద్యోగం ఉంటుంది. యూనివర్సిటీ గడువు ఇవ్వడం ఇదే ఆఖరుసారి, శుక్రవారం వైవా. మిగతా పిల్లల్లా ఆమె అన్నీ సెంటర్ మీద వదిలెయ్యలేదు. లెక్కలన్నీ సొంతంగా వేసుకుంది, రిపోర్టు సొంతంగా రాసుకుంది, బోర్డు ఒక్కటే బయట కట్టించుకుంది. రవళిని ‘గారు’ పెట్టి పిలిచే స్టూడెంటు ఆ బిల్డింగులో ఆమె ఒక్కతే.

సోమవారం మధ్యాహ్నం వచ్చి బోర్డు ఆన్ చేసింది. గీతలు రెండూ అతుక్కుని ఉన్నాయి. ఆమె ముఖం వెలిగింది. తరవాత కంట్రోల్ స్విచ్ ఆఫ్ చేసింది. గీతలు అతుక్కునే ఉన్నాయి. మళ్ళీ ఆన్ చేసింది, ఆఫ్ చేసింది. ఏ మార్పూ లేదు. వెలిగిన ముఖం మెల్లగా వాడిపోయింది.

“రవళి గారూ, ఆఫ్ చేస్తే విడిపోవాలి కదండీ ఇవి?”

రవళి స్విచ్ వంక చూసింది. తొమ్మిది కిట్లలో ఎవరూ ఆ స్విచ్ ఆఫ్ చేసి చూసినట్టు గుర్తు లేదు. హనుమత్ప్రసాద్ గారు కుర్చీలోంచి లేవకుండానే కలగజేసుకున్నారు.

“ఏంటమ్మా, గీతలు కలవలేదని అందరూ ఏడుస్తుంటే, కలిశాయని నువ్వు ఏడుస్తావేంటి? వైవాలో ఆ స్విచ్ జోలికి వెళ్ళకు. అంతే.”

సుమశ్రీ బోర్డుని వదిలేసి, బుధవారం వస్తానని వెళ్ళింది. రవళి నమూనా బోర్డునీ పదో బోర్డునీ పక్కపక్కన పెట్టుకుని అంగుళం అంగుళం చూసింది. ఎక్కడా తేడా లేదు. తేడా లేకపోవడమే ఆమెకి అర్థం కాలేదు. హైమని వెంటబెట్టుకుని, రెండిటినీ మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి ఫొటో తీసి ముషర్రఫ్‌కి పంపి, అక్కణ్ణుంచే ఫోన్ చేసింది. లోపల ఫోన్లు ఉండకూడదని సెంటర్లో నియమం. పక్కన ఫోన్ మోగితే చాలు, స్కోపు మీద గీతలు అదిరి పడతాయి. అందుకని లోపలికి వచ్చినవాళ్ళందరూ తలుపు దగ్గర డబ్బాలో ఫోన్లు వేసి రావాలి. హైమ కళ్ళ ముందే ఉంటుంది కాబట్టి ఫోను లేకపోయినా రవళికి ఏనాడూ బెంగ అనిపించలేదు.

ముషర్రఫ్ ఫొటో పెద్దది చేసి చూశాడు.

“చెల్లె, గా నీలం వైరు ఎందుకున్నది?”

“నమూనాల ఉన్నది కదన్నా.”

“అది సర్క్యూట్ల లేదు. స్కోపు రెండు గీతలూ సమానంగ చూపిస్తుందా లేదా అని చెక్ చేసేటందుకు నేను పెట్టిన. మొదటి బోర్డు గీతనే రెండు దిక్కుల చూపిస్తది అది. తీసెయ్యాలె. మర్చిపోయిన.”

“తొమ్మిదింట్ల పెట్టిన అన్నా,” అంది రవళి.

ఆమె మెట్ల మీదే కూర్చుంది. తొమ్మిది మంది చూపించిందీ, తొమ్మిది మంది పెద్ద సార్లు చూసి సంతకం పెట్టిందీ ఒకే గీతని. రెండో బోర్డు తన పాటికి తను ఎటో తిరుగుతూనే ఉంది, దాన్ని ఎవరూ చూడలేదు. ఎవరో మోసం చేసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. అది ఆమె చేత్తో, ఆమె శ్రద్ధగా, నమూనాలో ఉన్నట్టే నీలం రంగు వైరు ఏరి మరీ పెట్టింది.

మంగళవారం ముషర్రఫ్ చెప్పినట్టు పదో బోర్డు లోంచి ఆ వైరు తీసేసి, రెండో బోర్డు గీతని దాని దారిలో కలిపింది. స్విచ్ ఆఫ్‌లో గీతలు రెండూ విడిపోయాయి. అంతవరకు బాగుంది. ఆన్ చేసినా విడిపోయే ఉన్నాయి. మళ్ళీ హైమని చంకనేసుకుని మెట్ల దగ్గరికి, మళ్ళీ ముషర్రఫ్. ఇద్దరూ ముప్పావు గంట మాట్లాడుకున్నారు. ఒకే నంబరు రాసి ఉన్న రెండు చిప్పులు కూడా నిజానికి సమానంగా ఉండవనీ, ఎండకి ఒకలా ఏసీకి ఒకలా మారతాయనీ, ఆ తేడాలన్నిటికన్నా కంట్రోల్ బోర్డు తోపు బలంగా ఉండాలనీ అతను చెప్పాడు. బోర్డు మూల ఒక చిన్న ఇత్తడి స్క్రూ ఉంది. దాన్ని సన్నటి స్క్రూడ్రైవరుతో తిప్పితే తోపు పెరుగుతుంది. ఎంత తిప్పాలన్నది నోటితో చెప్పలేను, చూసుకుంటూ తిప్పు అన్నాడు.

రవళి చూసుకుంటూ తిప్పింది. హైమని అమీర్‌పేట చౌరస్తా దాటించడం గుర్తొచ్చింది. పిల్ల బుడగల వైపు లాగుతుంది, బండి మీది మొక్కజొన్న వైపు లాగుతుంది, ఎటు లాగుతుందో ముందుగా తెలీదు. తెలియక్కర్లేదు కూడా. పిల్ల లాగేదానికన్నా తను పట్టుకున్న పట్టు కాస్త ఎక్కువ ఉంటే చాలు. అలా అనుకుంటూ మూడు చుట్లు తిప్పేసరికి రెండో గీత మొదటిదాని మీదికి వచ్చి వాలింది. వాలింది గానీ సన్నగా వణుకుతోంది. పాత తొమ్మిదింటిలో ఈ వణుకు ఎప్పుడూ లేదు. అలా వణికితేనే అది నిజంగా పని చేస్తున్నట్టు అని ముషర్రఫ్ అన్నాడు.

గంట తరవాత సెంటర్లో ఏసీకి గది చల్లబడింది, గీతలు మళ్ళీ విడిపోయాయి. అర చుట్టు తిప్పింది, కలిశాయి. సాయంత్రానికి ఆమెకి తెలిసిపోయింది. ఈ బోర్డు పక్కన చెయ్యి తిరిగిన మనిషి ఒకరు ఉండాలి.

హనుమత్ప్రసాద్ గారికి విషయం అంతా చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ తీశారు. వైరు సంగతి సుమశ్రీకి చెప్పొద్దన్నారు. తొమ్మిది మంది సర్టిఫికెట్లు తీసుకుని వెళ్ళిపోయారు, ఇప్పుడు ఆ పుట్టలో చెయ్యి పెడితే ఎవరికి లాభం అన్నారు. బోర్డు బాగుచేశాం, తీసుకెళ్ళమను, చాలు. రవళి తల ఊపింది. ఆయన మాటకి ఎదురు చెప్పే అలవాటు ఆమెకి లేదు.

మర్నాడు సుమశ్రీ పాలిటెక్నిక్‌లో పని పడి రాలేదు. సాయంత్రం హైమని చంకనేసుకుని ఇంటికి పోతూ రవళి ఆమె హాస్టల్ ముందు ఆగింది. మెట్రో లైను కింద హారన్ల మోతలో ఐదు నిమిషాలు నిలబడి, చివరికి గేటు లోపలికి వెళ్ళి చెప్పేసింది. నీలం వైరు, నమూనా, తొమ్మిది కిట్లు, మంగళవారం వణికిన గీత, ఏసీ.  అంతా విన్నాక సుమశ్రీ, హైమ చెప్పు జారిపోతుంటే వంగి సరిచేసింది.

“శుక్రవారం మీరు రావాలి రవళి గారూ. నాకు లెక్క తెలుసు గానీ ఆ స్క్రూ తెలీదు.”

“పాపను తోలుకొని రావచ్చా మేడమ్?”

“ల్యాబులోకి రానివ్వరండీ. ఫోన్లు కూడా గేటు దగ్గరే ఇచ్చెయ్యాలి.”

రవళి హైమని ఇంకో చంకకి మార్చుకుంది. సుమశ్రీ బతిమాలలేదు. మీ ఇష్టం, రాలేకపోతే నేను అర్థం చేసుకుంటాను అంది. ఆ మాటే రవళిని పట్టేసింది. కసిరితే వదిలించుకుని పోయేదేమో.

సురేందర్ ఫోన్లో, ఒక్క పూటే కదా అన్నాడు. ఒక్క పూట అంటే అతనికి ఒక్క పూట. రవళికి అది చెంబుడు నీళ్ళు పట్టేంత సేపు, అలాంటివి వెయ్యి.

ఎదురు పోర్షన్‌లో అన్వరీ ఉంటుంది. చీరలకి ఫాల్స్ కుడుతుంది, యాభై ఐదేళ్ళ మనిషి, ఐదుగురు పిల్లల తల్లి. హైమకి ఆమె దగ్గర చనువు ఎక్కువ, రవళికి ఆమె ఖాలా, పిన్ని వరస. కానీ హైమకి ఫిట్స్ వస్తాయని విన్నప్పటి నుంచి ఆమె ఒకే మాట చెబుతూ వచ్చింది: పిడికిట్లో తాళం చెవుల గుత్తి పెడితే దిగిపోతాయి. రవళికి ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా గుండెలో రాయి పడ్డట్టుంటుంది.

గురువారం పొద్దున రవళి సెలవు అడిగి, అన్వరీ ఇంట్లో మంచం మీద ఒక దిండు పెట్టింది. ఇది హైమ అనుకో ఖాలా అంది. అన్వరీ దిండు వంకా, ఆమె వంకా చూసింది.

“ఐదుగురిని పెంచిన బేటా నేను. నీ ఒక్క పిల్ల కోసం దిండుతోని పరీక్ష పెడుతున్నవా?”

“పెడుతున్న ఖాలా. కోపం రానియ్యకు.”

అన్వరీకి కోపం రాలేదు. మొదటిసారి దిండుని వెల్లకిలా పెట్టి తాళం చెవులు వెతికింది. రెండోసారి పక్కకి తిప్పింది గానీ గడియారం చూడ్డం మర్చిపోయింది. మూడోసారి తిప్పింది, గోడ గడియారం చూసింది, స్ప్రే మూత తీసి దిండుకి ముక్కు ఏదని అడిగింది. ఇద్దరూ నవ్వారు. నాలుగోసారి సరిగ్గా చేసింది. ఐదోసారి, ఆరోసారి కూడా చేయించింది రవళి. తాళం చెవుల గుత్తిని తనే తీసి మేకుకి తగిలించింది. చెవులు చేతిలో పెడితే ఏమైతదని అన్వరీ చివరిదాకా వదల్లేదు. ఏం కాదు ఖాలా, అవి వెతికే లోపల టైము పోతది అంది రవళి. ఆ మాట అన్వరీకి నచ్చింది.

శుక్రవారం తెల్లవారేసరికి హైమ ముక్కు కారుతోంది. థర్మామీటరు తొంభై తొమ్మిది చూపించింది. జ్వరమని అనలేం, కాదని అనలేం. రవళి చీర కట్టుకుని, విప్పేద్దామని పిన్నీసు మీద చెయ్యి వేసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. రానని సుమశ్రీకి మెసేజ్ టైపు చేసి, పంపకుండా చూస్తూ కూర్చుంది. ఆ బోర్డు మీద గీతలు విడిపోతే సర్దే చెయ్యి ఊళ్ళో ఇంకొకటి లేదు. ఈ బెడద తెచ్చిపెట్టిందీ ఆ చెయ్యే. మెసేజ్ చెరిపేసింది. జ్వరం మందు ఐదు ఎంఎల్ తాగించి, మళ్ళీ ఏ టైముకి వెయ్యాలో అన్వరీ అరచేతి మీద పెన్నుతో రాసింది. కాలేజీ ఆఫీసు నంబరు క్యాలెండరు మీద రాసింది. అక్కడ ఎత్తుతారో లేదో దేవుడికెరుక.

హైమ ఏడవలేదు. అన్వరీ ఒళ్ళో కూర్చుని దారం రీళ్ళు దొర్లిస్తూ తల్లికి టాటా చెప్పింది. ఏడ్చి ఉంటే రవళి ఆగిపోయేది.

కాలేజీ ఊరవతల; సుమశ్రీతో కలిసి, బోర్డు ఒళ్ళో పెట్టుకుని, బస్సులో గంటన్నర. గేటు దగ్గర ఇద్దరి ఫోన్లూ ట్రేలో పడ్డాయి. ల్యాబు గేటు నుంచి పది నిమిషాల నడక. పరీక్ష చెయ్యడానికి వచ్చిన ప్రొఫెసరు పేరు రామ్మోహనరావు, పల్చటి మనిషి, మెల్లగా మాట్లాడతాడు. రవళి ఎవరని అడిగాడు. బోర్డు కట్టింది ఈవిడేనని, రిపోర్టులో కూడా పేరు రాశానని సుమశ్రీ చెప్పింది. ఆయన పేజీ తిప్పి చూసుకుని, ఉండనివ్వండి అన్నాడు.

మొట్టమొదట ఆయన చేసిన పని కంట్రోల్ స్విచ్ ఆఫ్ చెయ్యడం. గీతలు విడిపోయాయి. బోర్డుని తిరగేసి వైర్లు ఒక్కొక్కటీ వేలితో అనుసరించి చూశాడు. తరవాత ఆన్ చేశాడు. రెండో గీత అటూ ఇటూ తిరిగి, వచ్చి వాలి, వణుకుతూ నిలబడింది. సుమశ్రీ లెక్క చెప్పడం మొదలుపెట్టింది. అరగంట చెప్పింది. రవళికి మాటలు అర్థం కాలేదు గానీ సుమశ్రీ గొంతు ఎక్కడా తడబడలేదని మాత్రం తెలిసింది. ఒకసారి గీతలు కొంచెం తప్పుకోబోతే రవళి ముందుకు వంగి పావు చుట్టు తిప్పింది. ప్రొఫెసరు అది చూశాడు.

“ఏమ్మా, ఆ స్క్రూ ఏం చేస్తుంది?”

రవళి సుమశ్రీ వంక చూసింది. సుమశ్రీ చెప్పమన్నట్టు తల ఊపింది.

“తోపు ఎంత గట్టిగ ఉండాలెనో చూస్తది సార్.”

“అయితే పూర్తిగా తిప్పేస్తే పోలేదా? మాటిమాటికీ ఎందుకు?”

“పూర్తిగ తిప్పితే వణుకు ఎక్కువైతది సార్, గీత ముద్దముద్ద అయితది. తక్కువ పెడితే రెండోది తప్పించుకుంటది. చూసుకుంట పెట్టాలె.”

ఆయన నవ్వలేదు. పెన్ను తీసి ఏదో రాసుకున్నాడు. తరవాత సుమశ్రీతో, రోబస్ట్ అని, అంటే దేనికీ చెదరదని, పేరులోనే పెట్టారు కదా, అది ఐదు నిమిషాల్లో తేలే విషయం కాదు అన్నాడు. ఏసీ ఆపించి, కిటికీలు తెరిపించాడు. గది వేడెక్కుతుంటే రెండు గంటల పాటు గీతలు కలిసి ఉంటే తను సంతకం పెడతానన్నాడు. కుర్చీ లాక్కుని స్కోపు ఎదురుగా కూర్చున్నాడు.

రవళి గోడ గడియారం చూసింది. పదకొండున్నర. హైమకి వేసిన మందు పట్టు తగ్గే టైము. గేటు దగ్గరికి వెళ్ళి ఫోన్ చేసి రావాలంటే ఇరవై నిమిషాలు పైన పడుతుంది. గది అప్పుడే వేడెక్కుతోంది, రెండో గీత వణుకు మారుతోంది, ఆ ఇరవై నిమిషాల్లో అది ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. పరీక్ష అయ్యేదాకా గది దాటకూడని సుమశ్రీ ఆమె చెవి దగ్గరికి వంగి, వెళ్ళి రండి రవళి గారూ, పోతే పోనివ్వండి అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె పెదవులు తెల్లబడ్డాయి. రవళి ఒకడుగు తలుపు వైపు వేసింది. గీత పక్కకి జరిగింది. వెనక్కొచ్చి స్క్రూడ్రైవరు పట్టుకుంది.

ఇప్పుడు పన్నెండుంబావు. గీతలు కలిసే ఉన్నాయి. ఇంకో గంటా పావు ఉండాలి. రవళి ఆ బల్ల దగ్గర్నుంచి కదలదు, కదలలేదు, ఆమెకి ఫోన్ చెయ్యడం ఎవరి వల్లా కాదు. ఇది చదువుతున్నవాళ్ళలో ఎవరైనా పంజాగుట్ట దరిదాపుల్లో ఉంటే ఒక్క సాయం చెయ్యండి. చౌరస్తా నుంచి అమీర్‌పేట వైపు పోతుంటే ఎడమ చేతి మూడో సందు, ఇస్త్రీ బండి పక్కన ఆకుపచ్చ ఇనప గేటు, మొదటి అంతస్తు. తలుపు తట్టి అన్వరీ ఖాలా అని పిలవండి. రవళి పంపిందని చెబితే తీస్తుంది. హైమ నిద్రపోతుంటే లేపకండి, నుదుటి మీద చెయ్యి మాత్రం వేసి చూడండి. వేడిగా ఉంటే మందు వేసిందా అని అడగండి, టైము ఆమె అరచేతి మీద రాసి ఉంటుంది. కాస్త త్వరగా వెళ్ళి చూడండి.